కారులో తల్లి ఒడి బిడ్డకు భద్రం కాదు

చట్టం ఉంది, కుర్చీలు కానరావు

పెళ్లిళ్ల రోజుల్లో జాతీయ రహదారి మీద చిట్యాల నుంచి నకిరేకల్ దాకా ఏ హోటలు ముందు నిలబడినా కనిపించే దృశ్యం ఒకటే. కారు ఆగుతుంది. ముందు సీటులోంచి చంటిబిడ్డను చంకనేసుకుని తల్లి దిగుతుంది. వెనక తలుపు తెరిస్తే నలుగురు పెద్దలు, వాళ్ల మోకాళ్ల మీంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు దిగుతారు. బెల్టు విప్పుకునేది డ్రైవరు ఒక్కడే. అదైనా కెమెరా ఫొటో తీస్తుందన్న భయంతో పెట్టుకున్నదే.

బిడ్డ ముందు సీటులో ఎందుకంటే కారణాలు చాలా చెబుతారు. వెనక ఇరుకు. చల్లగాలి ముందే బాగా తగులుతుంది. తల్లికి వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. ఇవన్నీ నిజమే కావచ్చు. కాని అన్నిటికీ వెనక ఉన్న ధైర్యం వేరు. తల్లి ఒడిలో ఉన్న బిడ్డకు ఏమవుతుంది అన్న నమ్మకం అది. ఇంటి అరుగు మీద ఆ నమ్మకం తప్పు కాదు. పరుగెత్తే కారులో మాత్రం అది లెక్కకు నిలవదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని ఆగిపోతే, లోపలివాళ్లకు తగిలే దెబ్బ సుమారు 46 అడుగుల ఎత్తు నుంచి కింద పడ్డప్పుడు తగిలే దెబ్బకు సమానం. అంటే నడీడు తాటిచెట్టు మీద నుంచి పడినట్టు. 40 కిలోమీటర్ల వేగమైతే 20 అడుగులు, మేడ మీద నుంచి పడినట్టు. కారు ముందుభాగం నలిగి అర మీటరు దూరంలో ఆగిందనుకుందాం. అందుకు సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ కాస్త సమయంలో పది కిలోల బిడ్డను పట్టి ఆపాలంటే తల్లి చేతులు సుమారు 280 కిలోల బరువును ఆపాలి. 70 కిలోల వడ్ల బస్తాలు నాలుగు! చేను పనిలో కాయకష్టం చేసిన చేతులైనా అది మనిషి వల్ల అయ్యే పని కాదు.

తల్లికి కూడా బెల్టు లేకపోతే కథ ఇంకా ఘోరం. ఆమె బరువంతా బిడ్డ మీదే పడుతుంది. తల్లీబిడ్డలిద్దరినీ కలిపి ఒకే బెల్టు చుట్టేవాళ్లూ ఉన్నారు. అప్పుడు బెల్టుకూ తల్లికీ మధ్య నలిగేది బిడ్డే.

గాలిసంచి పిల్లలకు చుట్టం కాదు

2022 నుంచి తయారైన కార్లలో ముందున్న రెండు సీట్లకూ గాలిసంచులు తప్పనిసరి. వాటిని చూసి మన వాళ్లు మరింత ధైర్యం తెచ్చుకుంటున్నారు. గాలిసంచి పెద్దవాళ్ల ఎత్తుకూ బరువుకూ తగినట్టు చేసింది. బెల్టు పెట్టుకుని వెనక్కి ఆని కూర్చున్న పెద్దవాళ్లను అది కాపాడుతుంది. రెప్ప వాల్చేలోపు గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో ఉబ్బి వస్తుంది. ఒడిలో బిడ్డ ఉంటే ఆ దెబ్బ తగిలేది నేరుగా బిడ్డ తలకూ మెడకూ.

2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇదే జరిగింది. కారు టాంకరు లారీని ఢీకొంది. ముందు సీటులో తల్లి ఒడిలో కూర్చున్న రెండేళ్ల పాప గాలిసంచి తాకిడికి ప్రాణాలు విడిచింది.

తరువాతి నెలలోనే కేరళ రవాణా శాఖ కార్లలో పిల్లలకు ప్రత్యేక కుర్చీలు వాడాలని ప్రకటించింది. ప్రజల్లో గగ్గోలు రేగింది. రవాణా మంత్రి కల్పించుకుని జరిమానాలు వేయబోమని చెప్పాల్సి వచ్చింది. దొరకని వస్తువు కోసం జనాన్ని దండించడం మంత్రికి ఇబ్బందే, ఆ మాట కాదనలేం. కాని జరిమానా లేదని కారు గుద్దుకోవడం మానదు.

నిజానికి ఇది కేరళ పెట్టిన కొత్త నిబంధన కాదు. దేశమంతటికీ ఉన్నదే. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 194-బి సెక్షను చేర్చారు. 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల రక్షణ కుర్చీయో లేకుండా బండి నడిపితే నడిపినవారికి వెయ్యి రూపాయల జరిమానా అని అందులో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. హెల్మెట్టు గురించి ఊరూరా తెలుసు. ఈ సెక్షను సంగతి ఎంతమందికి తెలుసు?

అమెరికాలో ఒక రకం, శంషాబాదులో ఒక రకం

కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్లు మన పల్లెల్లోనూ ఉన్నాయి. కూతురి పురిటికి అక్కడికి వెళ్లివచ్చిన అమ్మమ్మలకు ఈ కుర్చీ కొత్త కాదు. ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చే రోజునే కారులో కుర్చీ బిగించి ఉండాలి. దారిలో బిడ్డ గుక్కపెట్టి ఏడ్చినా చేతుల్లోకి తీసుకోనివ్వరు. కారు పక్కకు ఆపి, ఆ తరువాతే ఎత్తుకోవాలి. మొదట్లో అమ్మమ్మ ప్రాణం విలవిలలాడినా నెల తిరక్కుండా అలవాటు పడుతుంది. విచిత్రమేమంటే ఆ అమ్మమ్మే, ఆ మనవడే శంషాబాదు విమానాశ్రయంలో దిగి బాడుగ కారు ఎక్కగానే బిడ్డ మళ్లీ ఒళ్లోకి వస్తాడు. మన రోడ్లు అమెరికా రోడ్ల కంటే భద్రమైనవనా?

అమెరికా వాళ్లకూ ఈ బుద్ధి పుట్టుకతో రాలేదు. టెనెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుబట్టి తిరిగితే 1977లో అక్కడి శాసనసభ చట్టం చేసింది. 1978 జనవరి 1 నుంచి నాలుగేళ్లలోపు పిల్లలకు కారులో కుర్చీ తప్పనిసరి అయింది. దేశంలో అదే మొదటి చట్టం. అయితే శాసనసభ్యులు అందులో ఒక సందు వదిలారు. పెద్దవాళ్లు చేతుల్లో పట్టుకుంటే కుర్చీ అక్కరలేదన్నారు. మనకున్న నమ్మకమే వాళ్లకూ ఉండేదన్నమాట. పిల్లల్ని నలిపేసే సవరణ అని దాన్ని ఎద్దేవా చేశారు. చివరికి 1981లో ఆ సందు మూసేశారు. 1985 నాటికి 50 రాష్ట్రాల్లోనూ చట్టాలు వచ్చాయి. ఈ కుర్చీల వల్ల కార్లలో ఏడాదిలోపు పిల్లల మరణాలు 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలు 54 శాతం తగ్గుతాయని ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ లెక్క కట్టింది.

కొనడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తు

కుర్చీ వయసును బట్టి కాదు, బిడ్డ బరువును, ఎత్తును బట్టి కొనాలి. సుమారు 13 కిలోల దాకా బిడ్డ ముఖం కారు వెనక్కి ఉండేలా కూర్చోబెట్టే కుర్చీ వాడతారు. ఇది చూసి మన వాళ్లు నవ్వుతారు, కాని కారణం ఉంది. చంటిబిడ్డకు తల బరువెక్కువ, మెడ బలం తక్కువ. ముందుకు చూస్తూ కూర్చుంటే కారు గుద్దుకున్నప్పుడు తల విసురుగా ముందుకు పోతుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపు, మెడ, తల మూడూ కుర్చీకి ఆని ఉంటాయి. ఆ తరువాత 18 కిలోల దాకా ముందుకు చూసే కుర్చీ, దాని పట్టీలు. ఇంకా పెద్దయ్యాక పీట లాంటి ఎత్తు సీటు వేసి కారు బెల్టే పెట్టవచ్చు. బెల్టు మెడకు ఒరుసుకోకుండా భుజం మధ్యగా, పొట్ట మీద కాక తొడల మొదళ్ల మీదుగా రావాలి.

కొనేటప్పుడు ధర కంటే ముందు ముద్ర చూడాలి. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. ఐరోపా ప్రమాణాలైన ఆర్-44, ఆర్-129 కుర్చీలకు నారింజ రంగు చీటీ మీద గుండ్రటి గీతలో 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఒకసారి ప్రమాదానికి గురైన కారులోని కుర్చీని ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు. పైకి కనిపించని పగుళ్లుంటాయి.

డబ్బు పోసి కొన్న కుర్చీని సీటు మీద ఊరికే పెట్టేవాళ్లు ఉన్నారు. అది లేనట్టే లెక్క. కుర్చీని వెనక సీటులోనే పెట్టాలి. గాలిసంచి ఉన్న ముందు సీటులో వెనక్కి తిరిగిన కుర్చీ పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కారు బెల్టు దూర్చే దారులు కుర్చీ మీదే రంగులతో చూపి ఉంటాయి. వెనక్కి తిరిగిన కుర్చీకి నీలం, ముందుకు చూసేదానికి ఎరుపు. బెల్టు దూర్చాక మోకాలితో కుర్చీని సీటులోకి అదిమి, బెల్టును బలంగా లాగి బిగించాలి. తరువాత బెల్టు దూరిన చోట పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడాలి. అంగుళానికి మించి కదిలితే మళ్లీ మొదటికి రావాలి. కొత్త కార్లలో చాలావాటికి సీటు మడతలో రెండు ఇనుప కొక్కేలుంటాయి. వాటికి తగిలించే ఐసోఫిక్స్ కుర్చీ అయితే ఈ కుస్తీ తగ్గుతుంది. సరిగా పడితే కుర్చీ మీది గుర్తు పచ్చగా మారుతుంది.

బిడ్డను కట్టే పట్టీలు మెలి పడకూడదు. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూస్తే మడత దొరక్కూడదు. బిడ్డకు ఒత్తుకుంటుందని కింద బొంత వేయడం, చలికి మందపు స్వెట్టరు మీద పట్టీలు కట్టడం మంచిది కాదు. దెబ్బ తగిలిన క్షణంలో బొంత అణిగిపోతుంది, పట్టీ వదులవుతుంది, బిడ్డ జారిపోతుంది. శాలువా కప్పాలంటే పట్టీలు బిగించిన తరువాత పైన కప్పాలి. మన ఎండలకు మరో జాగ్రత్త కావాలి. ఎండలో నిలిపిన కారులో కుర్చీ బకిలు కాలుతుంది. ముందు చేత్తో తాకి చూడాలి.

బాడుగ కారులో కుర్చీ ఎక్కడిదంటారా? నిజమే. అలాంటప్పుడు పిల్లల్ని వెనక సీటులో, ఒక్కొక్కరికి ఒక్కో చోటు, ఒక్కో బెల్టుతో కూర్చోబెట్టడం కనీసం చేయగలిగిన పని. బెల్టుల కంటే మనుషులు ఎక్కువైతే రెండో కారు మాట్లాడాలి. పెళ్లి ఖర్చులో అదేమీ పెద్దది కాదు.

కారు లేనివాళ్లకు

పల్లెలో కార్ల కంటే మోటారు సైకిళ్లే ఎక్కువ. పెట్రోలు ట్యాంకు మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, స్కూటరు ముందు నిలబెట్టి, చేను దాకా, బడి దాకా తీసుకుపోవడం రోజూ చూసేదే. గట్టిగా బ్రేకు వేస్తే పిల్లవాడి ఛాతీ హాండిలుకు కొట్టుకుంటుంది, వెనకనుంచి పెద్దవాళ్ల బరువు మీద పడుతుంది.

దీనికీ ఒక నిబంధన వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 15న ప్రకటించిన ఈ నిబంధన ఏడాది గడువు తరువాత, 2023 ఫిబ్రవరి నుంచి అమలైంది. నాలుగేళ్లలోపు పిల్లల్ని నడిపేవారికి కట్టిపెట్టే పట్టీల చొక్కా తొడగాలి. చొక్కా బిడ్డకు, దాని భుజం పట్టీలు నడిపేవారికి. గట్టి నైలానుతో చేసి, 30 కిలోల బరువు ఆపగలిగేదై ఉండాలి. బిడ్డ ఉండగా బండి 40 కిలోమీటర్ల వేగం మించకూడదు. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్టు కూడా ఉండాలి. నాలుగేళ్లు దాటినవాళ్లకు పెద్దలతో సమానంగా హెల్మెట్టు తప్పనిసరి.

చీరకొంగుతోనో తువ్వాలుతోనో కట్టడం దీనికి బదులు కాదు, ముడి జారితే బిడ్డ చక్రం పక్కనే పడుతుంది. హెల్మెట్టు విషయంలోనూ తండ్రిది తెచ్చి కొడుకు నెత్తిన బోర్లిస్తే సరిపోదు. పట్టీ పెట్టి పిల్లవాణ్ణి తల అటూ ఇటూ తిప్పమనాలి. తలతోపాటు తిరిగితే సరిపోయినట్టు. తల తిరిగినా హెల్మెట్టు అక్కడే ఉండిపోతే ఇంకా చిన్నది అడిగి తీసుకోవాలి.