వృద్ధ చోదకుల కారు బీమా: ధర కన్నా లైసెన్సు గడువే ముఖ్యం

న్యూఢిల్లీ: రాజధాని నగరంలోని కరోల్ బాగ్‌కు, మోటారు వాహనాలకు చిరకాల సంబంధం ఉంది. పాత కార్ల క్రయవిక్రయ కేంద్రాలు, వాహనాల విడిభాగాల దుకాణాలు ఇక్కడ వీధుల వెంట బారులు తీరి ఉంటాయి. 2019లో అజ్మల్ ఖాన్ రోడ్డును పాదచారులకే కేటాయించినప్పటికీ, చుట్టుపక్కల ఇరుకు సందులలో రద్దీ తగ్గలేదు. బంపరుకు గీత పడకుండా కారును ఇంటికి చేర్చడం ఇక్కడ యువకులకే కష్టసాధ్యం.

కేంద్ర ప్రభుత్వోద్యోగాల నిమిత్తం దశాబ్దాల క్రితం ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబాలకు కరోల్ బాగ్ పరిసరాలు సుపరిచితం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలలో ఒకటి సమీపంలోని ప్రసాద్ నగర్‌లోనే ఉంది. ఆ తరం వారిలో అనేకులు పదవీ విరమణ చేసి ఇక్కడే స్థిరపడ్డారు. పింఛనుపై జీవించే వీరికి ఏటా కారు బీమా గడువు ముగిసే వేళ ఒక సందేహం ఎదురవుతుంది. వయసు మీరినందువల్ల ప్రీమియం ఎక్కువ చెల్లించవలసి వస్తుందా? ఖర్చు తగ్గించుకోవడానికి ఏ పాలసీ ఎంచుకోవాలి?

వయసుకు వేరే రేటు లేదు

బ్రిటన్‌లో చోదకుని వయసును బట్టి బీమా సంస్థలు ప్రీమియం నిర్ణయిస్తాయి. అక్కడ 70 ఏళ్లు నిండగానే లైసెన్సు గడువు ముగుస్తుంది. ఆపై మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. మన దేశంలో పద్ధతి వేరు. ఇతరులకు కలిగే నష్టానికి పరిహారమిచ్చే థర్డ్ పార్టీ బీమా 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. దీని రేటును ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ వరకు గల సొంత కారుకు రూ. 2,094, 1,500 సీసీ వరకు రూ. 3,416, అంతకు మించితే రూ. 7,897. ఇరవై రెండేళ్ల యువకునికైనా, డెబ్బయి అయిదేళ్ల వృద్ధునికైనా రేటు ఒక్కటే.

సొంత కారుకు కలిగే నష్టానికి సంబంధించిన ప్రీమియంపై 2007 జనవరి 1న నియంత్రణ తొలగింది. అంతకుముందు అమలులో ఉన్న టారిఫ్‌లో కారు వయసు, ఇంజను సామర్థ్యం, రిజిస్ట్రేషన్ అయిన ప్రాంతం వంటివి లెక్కలోకి వచ్చేవి. ఢిల్లీ, హైదరాబాద్ సహా ఎనిమిది నగరాలు అధిక రేటు మండలంలో ఉండగా, విజయవాడ, విశాఖపట్నం వంటివి రెండవ మండలంలో ఉండేవి. నియంత్రణ తొలగిన తర్వాత ఒకే కారుకు వేర్వేరు సంస్థలు వేర్వేరు మొత్తాలు అడగడం పరిపాటి అయింది. కనుక కనీసం మూడు సంస్థల రేట్లు పోల్చిచూడడం శ్రేయస్కరం.

గడువు మీరితే చిక్కులు

ప్రీమియంలో కనిపించని వయసు ప్రభావం లైసెన్సు వద్ద ఎదురవుతుంది. 55 ఏళ్లు దాటిన వారికి లైసెన్సును ఒక్కోసారి అయిదేళ్లకు మాత్రమే పునరుద్ధరిస్తారు. 40 ఏళ్లు దాటిన వారందరూ వైద్యుని ధ్రువపత్రం సమర్పించాలి. గరిష్ఠ వయోపరిమితి అంటూ చట్టంలో లేదు. లోగడ గడువు ముగిసినా 30 రోజుల పాటు లైసెన్సు చెల్లుబాటయ్యేది. 2019 నాటి సవరణ ఆ వెసులుబాటును తొలగించింది. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేసుకునే వీలును కూడా అదే సవరణ కల్పించింది.

చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా నడుపుతున్నప్పుడు ప్రమాదం జరిగితే సొంత కారు మరమ్మతు ఖర్చును బీమా సంస్థ నిరాకరించవచ్చు. యజమాని స్వయంగా నడుపుతూ మరణించినా, శాశ్వత వైకల్యానికి గురైనా పరిహారమిచ్చే రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకూ లైసెన్సే ఆధారం. ఇక ఎదుటి వ్యక్తి గాయపడినా, మరణించినా పరిస్థితి మరింత తీవ్రం. స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఇటువంటి సందర్భాలలో బీమా సంస్థ ముందుగా బాధితునికి పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని తర్వాత యజమాని నుంచి రాబట్టుకునే అవకాశం ఉంది. చోదకుని లైసెన్సు సంగతి తనకు తెలియదని యజమాని వాదించవచ్చు. తానే నడిపినప్పుడు ఆ వాదనకు తావు లేదు. మరచిపోయిన ఒక్క తేదీ జీవితకాలపు పొదుపును హరించగలదు.

చిన్న క్లెయిము, పెద్ద నష్టం

నిదానంగా నడిపే వృద్ధుల చేతిలో ఉండే విలువైన ఆస్తి నో క్లెయిమ్ బోనస్. క్లెయిము లేని ఏళ్లు గడిచే కొద్దీ సొంత నష్టం ప్రీమియంపై వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు లభిస్తుంది. ఒక్క క్లెయిముతో ఇది సున్నాకు పడిపోతుంది. పాలసీ గడువు ముగిసిన 90 రోజులలోగా పునరుద్ధరించకపోయినా బోనస్ పోతుంది.

ఉదాహరణకు సందులో గోడకు తగిలి రూ. 8,000 విలువ గల ప్లాస్టిక్ బంపరు విరిగిందనుకుందాం. ప్లాస్టిక్ భాగాలపై తరుగుదల 50 శాతం. మిగిలిన రూ. 4,000లో యజమాని విధిగా భరించవలసిన రూ. 1,000 పోగా చేతికి వచ్చేది రూ. 3,000. బోనస్‌కు ముందు ప్రీమియం ఏటా రూ. 6,000 అయితే, 50 శాతం బోనస్ కోల్పోయిన యజమాని మొదటి ఏడాది రూ. 3,000, తర్వాతి నాలుగేళ్లలో వరుసగా రూ. 1,800, 1,500, 900, 300 అదనంగా చెల్లించవలసి వస్తుంది. మొత్తం రూ. 7,500. చిన్న మరమ్మతులకు జేబులోంచి ఖర్చు పెట్టుకోవడమే లాభమని ఈ లెక్క చెబుతున్నది.

చవక పాలసీతో జాగ్రత్త

కారు పాతదైనందున థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే తీసుకోవడం చట్టరీత్యా సరిపోతుంది. అయితే కారు చోరీకి గురైనా, అగ్నికి ఆహుతైనా దానిలో పైసా రాదు. అయిదేళ్ల లోపు కారు బీమా విలువకు నిర్ణీత తరుగుదల పట్టిక ఉంది. అయిదేళ్లు దాటిన కారు విలువను సంస్థ, పాలసీదారు పరస్పర అంగీకారంతో నిర్ణయిస్తారు. విలువ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది గాని, కారు పోయినప్పుడు పరిహారమూ తగ్గుతుంది. ఏజెంటు ఈ అంకెను ఎంత వేశాడో సంతకానికి ముందే చూసుకోవాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లపై 2018లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించగా, 2025లో ఈ అంశం మళ్లీ ఆ కోర్టు విచారణకు వచ్చింది. పాత కార్ల యజమానులు పాలసీ ఎంచుకునే ముందు తాజా ఉత్తర్వులను తెలుసుకోవాలి.

కరోల్ బాగ్‌లో పాత కారు కొనేవారు మరో విషయం గమనించాలి. థర్డ్ పార్టీ బీమా కొత్త యజమానికి దానంతటదే బదిలీ అవుతుంది. సొంత నష్టం భాగానికి మాత్రం 14 రోజులలో సంస్థకు దరఖాస్తు చేయాలి. అమ్మకందారు బోనస్ కారుతో పాటు రాదు. తన బోనస్ గురించి తప్పుడు ప్రకటన చేస్తే తర్వాత క్లెయిము తిరస్కరణకు గురి కావచ్చు.

వివాదం తలెత్తితే మొదట సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో పరిష్కారం లభించకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. న్యాయవాది అవసరం లేదు. వీటన్నింటికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. పునరుద్ధరణ నోటీసు అందిన రోజున ప్రీమియం అంకెను చూసే ముందు లైసెన్సు తీసి, గడువు తేదీని ఒకసారి సరిచూసుకోవాలి.