తేలు కుడితే ప్రమాదం ఎంతో ఎట్లా తెలుసుకోవాలి?

ఎండాకాలం సెలవుల్లో మనమందరం తునికాకుకు, కట్టెలకు పోతాం. రాళ్ల కింద, కట్టెల కుప్పల్లో తేళ్లు ఉంటాయి. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం మా తమ్ముణ్ణి ఎర్రతేలు కుట్టింది. వాడికి ఆరేళ్లు. మొదట గుక్కపట్టి ఏడ్చాడు. తాత మంత్రం వేశాడు. కాసేపటికి ఏడుపు ఆగింది. విషం దిగింది, ఇంక భయం లేదు అన్నారు. నేనూ అట్లనే అనుకున్నా. కానీ వాడి చొక్కా చెమటకు తడిసిపోయింది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే బావినీళ్ల లెక్క చల్లగా ఉంది. నాన్న ఎత్తుకొని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు గారు చెప్పినవి, మా సైన్సు టీచరు వివరించినవి కలిపి రాస్తున్నాను.

విషం ఏం చేస్తుంది?

మన నరాల్లో సోడియం పోయే సన్నని దారులు ఉంటాయి. అవి తెరుచుకొని వెంటనే మూసుకోవాలి. ఎర్రతేలు విషం వాటిని సరిగా మూసుకోనియ్యదు. అందువల్ల నరాలు ఆగకుండా పనిచేస్తాయి. చెమటలు, చొంగ, వాంతులు వస్తాయి. అడ్రినలిన్ వంటి పదార్థాలు రక్తంలో ఎక్కువై రక్తనాళాలు బిగుసుకుంటాయి. చేతులు కాళ్లు చల్లబడతాయి. గుండెకు భారం పెరిగి, ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

గుర్తులు

1. కుట్టిన చోట మాత్రమే నొప్పి, మంట: ప్రమాదం తక్కువ. అయినా కొన్ని గంటలు కనిపెట్టి చూడాలి.
2. చెమటలు, చొంగ, వాంతులు, గుండె దడ, చల్లబడిన చేతులు కాళ్లు: విషం ఒళ్లంతా పనిచేస్తున్నది. వెంటనే దవాఖానకు పోవాలి.
3. దగ్గు, ఆయాసం, నోట్లో నురగ: ప్రాణం మీదికి వచ్చినట్టే.

చిన్నపిల్లలకు ప్రమాదం ఎక్కువ. ముఖ్యమైన మాట ఏమిటంటే, నొప్పి అని అరిచేవాళ్ల కంటే, నొప్పి తగ్గి చెమటలతో చల్లబడినవాళ్లను చూసి భయపడాలి.

అన్ని దేశాల తేళ్లూ ఒకటి కాదు. అమెరికాలో అరిజోనా తేలు కుడితే కళ్లు నిలకడగా ఉండవు, నాలుక అదురుతుంది, కాళ్లు చేతులు ఎగిరెగిరి పడతాయి. అక్కడ డాక్టర్లు నాలుగు మెట్లుగా లెక్కిస్తారు.

మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న పట్నంలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ గారు ఎర్రతేలు కుట్టిన రోగులను దగ్గరుండి చూసి ఈ గుర్తుల గురించి 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత ప్రాజోసిన్ అనే బీపీ మాత్రతో చాలామందిని బతికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తేలు విషానికి విరుగుడు మందు కూడా ఉంది.

మనం చేయవలసినవి

కుట్టిన చోట సబ్బుతో కడగాలి. చల్లని తడిగుడ్డ పెట్టాలి. కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడు బిగించరాదు. 108కి ఫోన్ చేయాలి. మంత్రం కోసం ఆలస్యం చేయరాదు.

తెల్లవారి తమ్ముడి చేతులు వెచ్చబడ్డాయి. "కాలు నొస్తుంది" అని మళ్లీ ఏడ్చాడు. మాకు భయమేసింది. డాక్టరు గారు మాత్రం నవ్వి, "నొప్పి తిరిగి వచ్చిందంటే విషం తగ్గుతున్నట్టే" అన్నారు. ఇది చదివినవాళ్లు సెలవులకు పోయినప్పుడు మీ గూడెంలో తప్పకుండా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని