సముద్రంలో గాలిమర, ఒడ్డున పోర్టు

రుషికొండ బీచ్‌కి వెళ్ళినప్పుడల్లా మా జూనియర్లు ఒక ప్రశ్న వేస్తుంటారు. "అన్నా, ఇంత గాలి వీస్తోంది కదా, సముద్రంలో గాలిమరలు ఎందుకు పెట్టరు?" ప్రశ్న మంచిదే. జవాబు కోసం గాలి కంటే ముందు పోర్టు వైపు చూడాలి.

ప్రపంచంలో మొట్టమొదటి సముద్ర గాలిమరల క్షేత్రాన్ని పెట్టింది డెన్మార్క్. 1991లో విందెబీ వద్ద 11 మరలు, ఒక్కొక్కటి 450 కిలోవాట్లు. ఇప్పుడు ఒక్క మర 15 మెగావాట్లు ఇస్తోంది. దాని రెక్క పొడవు 115 మీటర్లు, అంటే ఫుట్‌బాల్ మైదానం కంటే ఎక్కువ. అలాంటి రెక్కను లారీ మీద పెట్టి మద్దిలపాలెం జంక్షన్‌లో తిప్పడం ఎవరి తరమూ కాదు! అందుకే వీటిని రేవు పక్కనే తయారుచేసి, అక్కడి నుంచే ఓడ ఎక్కిస్తారు. సముద్రపు అడుగున దిగేసే ఉక్కు గొట్టం ఒక్కటే వెయ్యి టన్నులు దాటవచ్చు. బొగ్గు, ఖనిజం దింపే మామూలు బెర్తు మీద బరువు పరుచుకుని ఉంటుంది. ఇక్కడ మాత్రం క్రేన్ కింద ఒక్కచోటే పడుతుంది. కాబట్టి గట్టు కింద నేలను ముందే గట్టిపరచాలి. సముద్రం శాంతంగా ఉన్న రోజుల్లోనే పని సాగుతుంది గనుక, భాగాలన్నీ ముందుగా నిలవ చేసుకోవడానికి ఎకరాల కొద్దీ ఖాళీ స్థలం కూడా కావాలి.

డెన్మార్క్‌లోని ఎస్బియర్గ్ ఒకప్పుడు చేపల రేవు. తరువాత చమురు వేదికలకు, ఆపైన గాలిమరలకు కేంద్రమైంది. మన విశాఖకూ అలాంటి చరిత్రే ఉంది. పోర్టు 1933లో ప్రారంభమైంది. 1941లో పునాది పడిన షిప్‌యార్డు 1948లో 'జల ఉష'ను నీటిలోకి దింపింది, తరువాతి కాలంలో సముద్ర చమురు వేదికలు కూడా తయారుచేసింది. ఉక్కు కర్మాగారం సరేసరి. అయితే ఇక్కడొక మెలిక ఉంది. మన స్టీల్‌ప్లాంటు ముఖ్యంగా చేసేది కడ్డీలు, తీగచుట్టలు, నిర్మాణ ఉక్కు. గాలిమర స్తంభానికి కావలసింది మందపాటి ప్లేట్లు. "ఉక్కు మన దగ్గరే ఉంది" అనుకుంటే సరిపోదు.

మరో చిక్కు లోతు. మన తీరంలో సముద్రం త్వరగా లోతెక్కుతుంది. సుమారు 60 మీటర్లు దాటితే అడుగున స్తంభం పాతడం గిట్టుబాటు కాదు, తేలే మరలు కావాలి. 2017లో స్కాట్లండ్ తీరాన పెట్టిన ఐదు తేలే మరలను నార్వేలో లోతైన, అలలు లేని నీటిలో బిగించి లాక్కెళ్ళారు. ఆ పనికీ పోర్టే ఆధారం. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో చూసినవాళ్ళకు మరలు ఎంత గట్టిగా ఉండాలో చెప్పనక్కరలేదు.

కేంద్రం 2015లో సముద్ర పవన విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. 2024 జూన్‌లో రూ.7,453 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో రూ.600 కోట్లు రెండు పోర్టుల మెరుగుదలకు. ఆ పథకం గుజరాత్, తమిళనాడు తీరాలది. మనకు వెంటనే మరలు వస్తాయని మేము నమ్మడం లేదు. కానీ వాటి భాగాలు చేసే పని మనకు రావచ్చని మా ఆశ. అదే జరిగితే ఐ.టి.ఐ. చదివే మన వెల్డర్లకు, ఫిట్టర్లకు, క్రేన్ ఆపరేటర్లకు చేతినిండా పని ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం మరచిపోకూడదు. గంగవరం పోర్టు కట్టినప్పుడు అక్కడి మత్స్యకారులు తరతరాలుగా పడవలు నిలిపిన తీరాన్ని కోల్పోయారు. మన హాస్టల్లోనూ జాలరిపేటల తమ్ముళ్ళున్నారు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పెద్ద పోర్టు పనికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. అది కలెక్టరు కార్యాలయంలో దొరుకుతుంది. పడవలు ఎక్కడ నిలుపుకోవాలి, వలలు ఎక్కడ ఆరేసుకోవాలి, ఉద్యోగాల్లో పేటవాళ్ళకు ఎన్ని అన్నవి ఆ కాగితంలో ఉన్నాయో లేదో సభకు ముందే చూసుకోవాలి. సభ అయ్యాక అడిగితే ఎవరూ రాసుకోరు.