వీధే పాఠం, ఇల్లాలే పంతులమ్మ

హైదరాబాద్ పాతబస్తీలో బార్కస్ అనగానే జామపళ్లు గుర్తొస్తాయి కదూ! నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బారక్సే జనం నోట ‘బార్కస్’ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన వారి సంతతి ఇళ్లలో గోధుమలు, మాంసం కలిపి ఉడికించే హరీస్ ఈనాటికీ ఉంది.

మరి అక్కడి జామతోటలు ఏమయ్యాయి? నల్లా ఎన్నింటికి వస్తుంది? ఆడపిల్లల చదువు ఏ తరగతిలో ఆగిపోతోంది? ఇవి కాలేజీ పుస్తకాల్లో దొరకవు. ఆ ఇంటి ఇల్లాలిని అడగాల్సిందే!

ఇలా అడిగి నేర్చుకునే చదువునే ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 డిగ్రీ సిలబసులో చేర్చారు. పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు ఇల్లిల్లూ తిరిగి, సమస్యలు తెలుసుకుని, నివేదిక రాయాలని అందులో పెట్టారు.

అందుకే, నోటుపుస్తకంతో ఓ అమ్మాయి మీ గుమ్మంలో నిలబడితే “తీరిక లేదు తల్లీ” అనేయకండి. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. ఉన్నదున్నట్టు చెప్పండి. “రాసింది మాకూ చదివి వినిపించాలి సుమా!” అని మాట తీసుకోండి. అప్పుడే ఆ చదువు మార్కులతో ఆగకుండా మీ వీధికీ పనికొస్తుంది. రేపు మీ అమ్మాయి వంతు వస్తే, “ఎండలో తిరుగుళ్లేమిటి?” అనకుండా స్నేహితురాలిని తోడిచ్చి పంపండి.