బడి బోర్డు అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్నలు

అమెరికాలో ప్రభుత్వ బడులను నడిపేవి స్కూల్ డిస్ట్రిక్టులు. ఇవి సుమారు 13 వేలు. చాలాచోట్ల ప్రజలు ఎన్నుకున్న బోర్డే సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది, బడ్జెట్‌ను ఆమోదిస్తుంది. అందుకే ప్రభుత్వ విద్యకు అండగా ఉంటాననే అభ్యర్థిని మొదట అడగాల్సింది డబ్బు సంగతే.

ఆ డబ్బులో కేంద్రం వాటా మామూలుగా పదో వంతుకు అటూఇటూ. మిగతాది రాష్ట్రాలు, స్థానిక పన్నులు భరిస్తాయి. స్థానిక రాబడిలో ఎక్కువ భాగం ఆస్తిపన్ను. ఖరీదైన ఇళ్లున్న చోట తక్కువ రేటుతోనే బడికి బాగా డబ్బొస్తుంది. పేదల పేటలో ఎక్కువ రేటు వేసినా చాలదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు తల్లిదండ్రులు ఈ అన్యాయంపైనే దావా వేశారు. చదువు సమాఖ్య రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంటూ 1973లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో దాన్ని తోసిపుచ్చింది. పిల్లల చదువును ఇంటి ధరకు కట్టేసి ఉంచిన తీర్పు అది. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు మాత్రం ఆ విధానం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తేల్చింది.

రెండో ప్రశ్న వోచర్లు. ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే ఈ పథకం నేటి రూపంలో 1990లో మిల్వాకీలో మొదలైంది. ఇలాంటివి నిర్ణయించేది బోర్డులు కాదు, ఎక్కువగా రాష్ట్ర శాసనసభలు. అయినా అభ్యర్థి వైఖరి తెలియాలి: వోచర్లతో ప్రభుత్వ బడుల్లో పిల్లలు తగ్గితే నిధులు తగ్గుతాయి, బస్సుల, భవనాల ఖర్చు మాత్రం ఆ మేరకు తగ్గదు.

స్కూల్ డిస్ట్రిక్టు చూసుకునే ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. బోర్డు ఎన్నికల్లో పోలింగ్ తరచూ తక్కువే కాబట్టి, పౌరసత్వం ఉన్నవారి కొద్దిపాటి ఓట్లూ ఫలితాన్ని మార్చగలవు.