నీటిదారిని సరకులు

నెదర్లాండ్సు దేశమున యూట్రెక్టు అను ప్రాచీన నగరము కలదు. అచటి పాతకాలువ కిరువైపుల, వీథుల క్రిందనే, నీటిమట్టమునకు చేరువగా ఇటుక నేలమాళిగలున్నవి. పూర్వము వర్తకులు పడవలనుండి సరకులను తిన్నగా వానిలోనికి చేర్చుకొనెడివారు. లారీలు వచ్చిన పిదప ఇరుకు వీథులలో డీజిలు పొగ హెచ్చెను. లారీల బరువునకు మాళిగలకే ముప్పు వాటిల్లెను. అందుచే పురపాలకులు 1996లో మరల ఒక సరకుల పడవను నడపిరి. 2010లో విద్యుత్తుతో నడచు పడవ వచ్చెను; దానికి పొగ లేదు. పానీయశాలలకు పీపాలను చేర్చుటచే దానికి ‘బీరు పడవ’ యని పేరు. పేరెట్లున్నను పని మెచ్చదగినది. నీరే బరువును మోయును గనుక బ్యాటరీలలోని కొలదిపాటి శక్తియే దానిని మెల్లగా నడపును. పడవమీది క్రేను సరకుల నెత్తి గట్టున దించును. కాలువ చేరని వీథులకు మాత్రము బండ్లు తప్పవు.