‘నెలాఖరుకు ఖాళీ చేయండి!’

ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందన్న సంగతి చాలామందికి ముందు కుళాయిలో తెలుస్తుంది. హైదరాబాద్ ఇండిపెండెంట్ ఇళ్లలో మోటర్ స్విచ్ ఎక్కువగా ఓనర్ పోర్షన్‌లోనే ఉంటుంది. నిన్నటిదాకా పొద్దున్నే నిండిన ట్యాంకు ఉన్నట్టుండి తొమ్మిదైనా నిండదు. తర్వాత గేటుకు రాత్రి పదింటికే తాళం పడుతుంది. చుట్టాలొస్తే ‘ఎన్నాళ్లుంటారు?’ అని ఆరా. ఇంకో వారానికి, లోపల కాపురం నడుస్తుండగానే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంది. ఆదివారం భోజనాల వేళ ఎవరో దంపతులు వచ్చి వంటగది, బాత్రూము చూసి పోతారు.

అప్పుడొస్తుంది మాట: ‘నెలాఖరుకు ఖాళీ చేయండి.’

చెప్పే కారణాలు కొన్నే. కొడుకు పెళ్లి, అమెరికా నుంచి అమ్మాయి వస్తోంది, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాం. వీటిలో నిజాలూ ఉంటాయి. పక్కింటి పోర్షన్ రెండు వేలు ఎక్కువకు పోయిందన్న కబురు వెనకుండే సందర్భాలూ ఉంటాయి. అద్దెకున్న కుటుంబం మాత్రం కారణం అడగదు. పిల్లల స్కూలు, ఆటో, గ్యాస్ కనెక్షన్, ఆధార్‌లో అడ్రసు అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరుగుతాయి. మర్నాటి నుంచే ఇల్లు వెతకడం మొదలెడుతుంది. అంత తొందర అక్కర్లేదు. ముందు బీరువాలోంచి కిరాయినామా తీసి ఒకసారి చదవాలి.

ఆ కాగితాన్ని సంతకం పెట్టిన రోజు కూడా చదివినవాళ్లు తక్కువ. వంద రూపాయల స్టాంపు పేపరు, జిరాక్సు షాపులో పాత ఒప్పందంలో పేర్లు మార్చి కొట్టించిన ఇంగ్లిషు. గడువు 11 నెలలు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మొదట్లో చెప్పింది కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిన లెక్క ఇది. పదకొండో నెల దాటగానే అద్దెదారు అక్రమంగా ఉన్నట్టేనని ఇద్దరూ నమ్ముతారు. అది తప్పు. గడువు అయిపోయాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటుంటే, ఇంటి అద్దె నెలనెలా కొనసాగుతున్నట్టేనని ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ లెక్కగడుతుంది.

కింద మరో షరతు ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. ఓనరే ఖాళీ చేయించినా ఇది వర్తిస్తుందా? చాలా ఒప్పందాల్లో ఆ ముక్క రాసి ఉండదు. బేరం ఆడాల్సింది అక్కడే. గడువుకు ముందు పొమ్మంటే పెయింటింగ్ డబ్బు పట్టుకోకూడదని, సామాను దింపే రోజే అడ్వాన్సు తిరిగివ్వాలని గట్టిగా అడగవచ్చు. తొందర ఓనర్‌దైనప్పుడు ఈ మాట చెల్లుతుంది.

అసలు భయపెట్టేది చివరి షరతు: ‘ఏ కారణమూ చెప్పకుండా ఒక నెల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు.’ ఆ వాక్యం ఓనర్‌కు లీజు ముగించే హక్కు ఇస్తుంది, అంతవరకే. సామాను బయట పెట్టే హక్కు దాంట్లో లేదు. ఒప్పందం లేకపోయినా, నెలవారీ అద్దె ముగించాలంటే 15 రోజుల గడువుతో, సంతకం చేసిన రాతపూర్వక నోటీసు ఇవ్వాలని అదే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ అంటోంది. మెట్ల మీద చెప్పిన మాట నోటీసు కాదు. నోటీసు వచ్చినా అది కోర్టు ఉత్తర్వు కాదు. ఆ గడువు దాటాక కదలకపోతే ఓనర్ కోర్టుకెళ్లి దావా వేయాలి, గెలవాలి, ఆ తర్వాతే ఖాళీ చేయించాలి. 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: గడువు ముగిసినా సరే, స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టప్రకారం తప్ప బలవంతంగా తీసేయడానికి వీల్లేదు.

మరి అద్దెదారుల కోసమే చేసిన చట్టం ఏమైంది? తెలంగాణ ప్రాంతంలో 1954 హైదరాబాద్ చట్టం, ఆంధ్రలో 1949 మద్రాసు చట్టం ఉండేవి. రెండింటి స్థానంలో 1960లో ఉమ్మడి అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. 1957 తర్వాత కట్టిన ఇళ్లకిచ్చిన మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే చట్టం చేసుకుంది. తెలంగాణలో ఆ 1960 చట్టమే మిగిలింది.

దాంట్లో రక్షణలు చిన్నవి కావు. సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు, నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఆపితే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లవచ్చు. కానీ 2005 సవరణ దీనికి రెండు తలుపులు మూసేసింది. కట్టి పదిహేనేళ్లు కాని భవనానికి చట్టం వర్తించదు. మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే వర్తించదు, మిగతా చోట్ల 2,000 దాటితే వర్తించదు. ఇవాళ కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో 3,500కు రెండు గదుల పోర్షన్ దొరకదు. ఆటో నడిపేవాళ్లు, నర్సులు, ప్రైవేటు స్కూలు టీచర్లు కూడా ఈ గీతకు అవతలే ఉండిపోయారు. వాళ్లకు మిగిలింది మామూలు సివిల్ కోర్టు, అక్కడ బలవంతంగా ఖాళీ చేయించకుండా ఆపే ఇంజంక్షన్.

అద్దె తీసుకోనంటే...

ఒత్తిళ్లలో బాగా ప్రమాదకరమైనది ఇదే. ఓనర్ రెండు నెలలు అద్దె తీసుకోడు, మూడో నెల ‘అద్దె ఎగ్గొట్టారు’ అంటాడు. 1960 చట్టం పరిధిలోని ఇళ్లకు 8వ సెక్షన్ దారి చూపింది. ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని నోటీసివ్వాలి, చెప్పకపోతే మనియార్డర్ చేయాలి, అదీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. మిగతావాళ్లు కూడా ప్రతి నెలా అదే తేదీకి ఓనర్ ఖాతాలో వేసి, ఏ నెల అద్దో మెసేజ్ పెట్టాలి. నగదు చేతికిస్తే రసీదు తీసుకోవాలి.

తాళం వేసేస్తే...

ఊరెళ్లి వచ్చేసరికి కొత్త తాళం కనిపిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని తిరిగి పొందవచ్చు. ఇల్లెవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. బెదిరింపులు, ఇంట్లోకి చొరబడటం నేరాలు. ‘ఇది సివిల్ మేటర్’ అని స్టేషన్‌లో తిప్పి పంపినా, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబరు 15100.

ప్రభుత్వం తలచుకుంటే ఎంత చేయగలదో 2020లో చూశాం. ఆ మార్చిలో కరోనా భయంతో డాక్టర్లను, నర్సులను ఓనర్లు ఖాళీ చేయమన్నారు. అదే నెల 29న కేంద్ర హోం శాఖ, కూలీలను, విద్యార్థులను ఖాళీ చేయిస్తే చర్య తప్పదని ఉత్తర్వులిచ్చింది. ఏప్రిల్‌లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి మూడు నెలల అద్దె అప్పుడే అడగవద్దని, వేధిస్తే 100కు ఫోన్ చేయమని ప్రకటించారు.

ఓనర్లందరూ దుర్మార్గులని ఈ కథనం అనడం లేదు. పై పోర్షన్ అద్దెతోనే మందులు కొనుక్కునే రిటైర్డ్ దంపతులున్నారు. అద్దె కట్టకుండా, కోర్టులో ఏళ్ల తరబడి సాగదీసే అద్దెదారులూ ఉన్నారు. 2021 నాటి కేంద్రం మోడల్ అద్దె చట్టం ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుంది. ఇంటి అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు, నీళ్లు ఆపకూడదు. గడువు దాటి ఉంటే మాత్రం మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగు రెట్లు. దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం.

తెలంగాణ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2005లో రాసిన ఆ 3,500 అంకెను నేటి అద్దెలకు తగ్గట్టు ముందుగా సవరించాలి. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోనే ఆ పని చేయాలి.